మేస్త్రి ఇంటి వాలు

పొద్దున్నే లేవగానే పూతక్క గుమ్మం దగ్గరికి వెళ్ళి, రాత్రంతా దొర్లి అక్కడ పోగుపడినవి ఏరుకుంటుంది. రెండు ఉల్లిపాయలు, ఒక దారపు ఉండ, నూనె సీసా మూత, ఒక్కోరోజు మొగుడి చెప్పు. ఎదురింటావిడ కూడా సరిగ్గా అదే వేళకి తన గుమ్మంలో వంగి బంగాళాదుంపలు ఏరుకుంటూ కనిపిస్తుంది.

“మీకెంత?” అంటుంది ఆవిడ.

“ఈ నెల ఇంకో అరంగుళం,” అంటుంది పూతక్క.

అక్కడితో మాట అయిపోతుంది. ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోతారు.

ఆ వీధిలో ఇళ్ళన్నీ అంతే. వచ్చే డబ్బుకంటే పోయేది ఎక్కువైతే ఇంటి నేల వీధి వైపుకి వాలుతుంది. పోయేది తగ్గితే మెల్లిగా లేస్తుంది. బాకీ చివరి ముక్క తీరేదాకా మాత్రం ఎంత లేచినా వాలు వీధికే ఉంటుంది, అది ఆ నేలల గుణం. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటారు, నీళ్ళ బిందె గోడకి ఆనించుకుంటారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు “ఇటుకలు ఎక్కడ దొరుకుతాయండీ?” అని అడుగుతారే గాని, ఎందుకని ఎవరూ అడగరు.

అన్ని ఇళ్ళలోకీ మేస్త్రి ఇల్లే ఎక్కువ వాలి ఉండటం మాత్రం కాస్త నవ్వుకునే సంగతి. ఎందుకంటే ఆయన టైల్స్ మేస్త్రి. ఊళ్ళోవాళ్ళ నేలలన్నీ వెంట్రుక వాసి తేడా లేకుండా పరుస్తాడు. సంచిలోంచి రసమట్టం తీసి నేల మీద పెట్టాడంటే, దాని గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమికి వచ్చి నిలబడాల్సిందే, రాకపోతే పరిచింది పీకి మళ్ళీ పరుస్తాడు. ఆయన పరిచాక టైల్స్ మధ్య సందుల్లో తెల్లసిమెంటు పూత నింపేది ఆయన భార్య. ఇరవై ఏళ్ళుగా అదే పని, అందుకే పనివాళ్ళందరికీ ఆవిడ పూతక్క అయింది.

మరి అంత పనిమంతుడు సొంతింటి వాలు చూస్తూ ఊరుకుంటాడా? ఊరుకోలేదు. అదే వచ్చిన చిక్కు. మొదటిసారి నేల వాలినప్పుడు టైల్స్ కొట్టులో అప్పు మీద సరుకు తెచ్చి, గుమ్మం వైపు మందంగా సిమెంటు వేసి ఎత్తు చేసి, కొత్త టైల్స్ పరిచి బుడగని నడిమికి తెచ్చాడు. నెల తిరక్కుండా నేల ఇంకా కిందికి వాలింది. సిమెంటు మంచిది కాదని ఇంకో రకం సిమెంటు తెచ్చి మళ్ళీ పరిచాడు. అదీ వాలింది. మూడోసారి ఇసుకని తిట్టి, ఇసుక మార్చి పరిచాడు. పరిచిన ప్రతిసారీ ఆ సరుకు బాకీ నెత్తినెక్కి కూర్చుంటే నేల ఎందుకు నిలుస్తుంది? గుమ్మం వైపు నేల ఇప్పుడు మూడు పొరల మందం, పైపొర కిందిదాన్ని పూర్తిగా కప్పక పట్టీలు పట్టీలుగా మూడు రంగులు. అంత మందం ఉన్నా తలుపు కింద పిల్లి దూరేంత సందు. వీధి పిల్లి ఒకటి రోజూ దూరేది కూడా.

వాళ్ళకి ఒక్కతే కూతురు, బస్సు కండక్టరు. మూడేళ్ళు తిరిగి, రెండుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. అల్లుడు లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. కూతురికి పాప పుట్టింది. పాపకి నెల నిండాక ఒకరోజు ఎత్తుకుని వచ్చి, చాప పరిచి పడుకోబెట్టింది. తల్లీకూతుళ్ళు మాటల్లో పడ్డారు. కాసేపటికి చూస్తే చాపతో సహా పాప గుమ్మం దగ్గర ఉంది. నిద్ర కూడా చెడలేదు దానికి. గుమ్మం అవతల రెండు మెట్లు, ఆ తర్వాత రోడ్డు.

కూతురు పాపని ఎత్తి గుండెకి హత్తుకుంది. తర్వాత నిదానంగా చెప్పింది.

“అమ్మా, నా సెలవు ఇంకా ఐదు నెలలు. ఆ రోజుకి డ్యూటీ ఎక్కకపోతే నా సీటు లిస్టులో నా వెనక ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. పాపని మీ దగ్గర వదిలి వెళ్దామనుకున్నా. అప్పటికి ఇది పాకుతూ ఉంటుంది. ఈ నేల మీద ఎలా వదలను?”

“నేల సంగతి నాకు వదిలెయ్,” అన్నాడు పెరట్లోంచి వచ్చిన మేస్త్రి. “వారం రోజుల్లో మళ్ళీ పరిచేస్తా.”

“నాన్నా, నువ్వు పరచొద్దు,” అంది కూతురు. “చిన్నప్పుడు నాకు ఇరవై బంతులు కొన్నావు. ఒక్కటి మిగిలింది, అది కూడా మంచం కింద ఇటుక అడ్డుపడి. మిగతావన్నీ రోడ్డు మీదికే పోయాయి. నువ్వు పరిచిన నేల మీంచే పోయాయి కదా.”

మేస్త్రి మొహం చిన్నబోయింది. పూతక్కకి ఆ క్షణాన ఎవరి మీద కోపం వచ్చిందో ఆవిడకే తెలియదు గాని, వచ్చిన కోపాన్ని మాత్రం వదల్లేదు. “పాప ఇక్కడే పాకుతుంది,” అంది. “రాసిపెట్టుకో.”

“రాయాల్సింది నువ్వమ్మా,” అంది కూతురు. సంచిలోంచి పాత లెక్కల షీట్ల కట్ట ఒకటి తీసి ఇచ్చింది. బస్సులో వాడే షీట్లు, డిపోలో పారేస్తుంటే తెచ్చుకుంది. ఒక పక్క ‘ఎక్కినవారు’, ఒక పక్క ‘దిగినవారు’ అని అచ్చువేసి ఉంది. “మేం ఏ రోజు లెక్క ఆ రోజు అప్పజెప్పి గాని ఇంటికి రాం. ఎక్కడ ఎంతమంది ఎక్కారు, ఎక్కడ ఎంతమంది దిగారు, సంచిలో ఎంతుంది. తేడా వస్తే మా జీతంలో కోత. నువ్వూ అలాగే రాయి. డబ్బు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది, అంతే.”

పూతక్క మర్నాడే టైల్స్ కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన మర్యాదగా కుర్చీ వేయించి టీ తెప్పించాడు. కొత్తగా వచ్చిన నీలం టైల్స్ చూపించి, డబ్బు ఎప్పుడైనా ఇవ్వొచ్చు, మనలో మనకేంటమ్మా అన్నాడు.

“అసలు మా బాకీ ఎంతండీ?” అంది పూతక్క.

ఆ ప్రశ్న ఆయన ఊహించలేదు. పుస్తకం వెతకడానికే పావుగంట పట్టింది. ఇరవై వేలుంటుందేమోలే అని మేస్త్రి ఎప్పుడూ అంటుండేవాడు. పుస్తకంలో అరవై ఒక్క వేలుంది. పూతక్క టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చి, షీటు మీద ఆ అంకె రాసి, దాని ఎదురుగా చాలాసేపు కూర్చుంది. భయం వేసింది. కాని ఎంతో తెలియక పడ్డ భయం కంటే, తెలిసి పడే భయమే నయమనిపించింది.

మొదటి నెల ఆవిడ ఏమీ మార్చలేదు. ఊరికే రాసింది. టీ రాసింది, సబ్బు రాసింది, ఆటో రాసింది. నెల చివర కూడితే తెలిసింది, వాళ్ళకి సంపాదన తక్కువేం కాదు. కాకపోతే టైల్స్ పనిలో డబ్బు నెలనెలా రాదు. నేల పూర్తయిన రోజున ఒక్కసారిగా చేతికొస్తుంది, ఆ తర్వాత ఇంకో పని దొరికేదాకా ఏమీ ఉండదు. ఆ చేతికొచ్చిన రోజున మేస్త్రి రాజు. ప్లంబరుకి, కరెంటు పనివాడికి, రంగులేసేవాడికి అందరికీ హోటల్లో భోజనం. ఇంటికి ఆటో. ఆటో నిండా సంచులు. పన్నెండో రోజుకి ఉప్పు ప్యాకెట్టు కూడా అరువు.

“నన్ను పిసినారిని చేస్తావా ఏంటే?” అన్నాడు మేస్త్రి షీటు చూసి. “పని అయిన రోజు నలుగురికీ అన్నం పెట్టకపోతే మేస్త్రి ఎలా అవుతాడు?”

“పెట్టొద్దనడం లేదు. నీ రాజరికానికీ ఒక డబ్బా పెడతా. అందులో ఎంతుంటే అంత,” అంది పూతక్క.

తెల్లసిమెంటు ఖాళీ డబ్బాలు ఇంట్లో బోలెడు. వాటిని కడిగి, ఆరబెట్టి, సుద్దముక్కతో రాసింది. ఒకదాని మీద ‘కొట్టాయన’, ఒకదాని మీద ‘పని లేని రోజులు’. తిండికీ కరెంటుకీ వారానికొకటి చొప్పున నాలుగు చిన్న డబ్బాలు. మేస్త్రి మోకాళ్ళు అరిగిపోతున్నాయని డాక్టరు చెప్పి ఏడాదైంది, అందుకని ‘మోకాళ్ళు’ అని ఒకటి. చివర్న అన్నిటికంటే చిన్న డబ్బా మీద ‘రాజు’ అని రాసింది. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో ఒక మనిషి భోజనం కూడా పట్టదు,” అన్నాడు.

“టీ పడుతుంది,” అంది.

రెండో నెలలో పిల్లి తలుపు కింద దూరడానికి ఒళ్ళు నేలకి రాసుకోవాల్సి వచ్చింది. పూతక్క అది చూసి ఎవరికీ చెప్పలేదు, లోపల్లోపల పొంగిపోయింది. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమి వైపుకి గోరంత జరిగింది. గోడ మీద పెన్సిలు గీత గీసి పెట్టుకుంది.

మూడో నెలలో ఆవిడ తమ్ముడు వచ్చాడు. రంగులేసే పని వాడిది, మాటకారి. మేస్త్రికి డబ్బు వచ్చిన రోజే అక్క మీద ప్రేమ పుట్టుకొస్తుంది వాడికి.

“అక్కా, ఐదు వేలు సర్దు. పదిహేను రోజుల్లో ఇచ్చేస్తా.”

పూతక్క షీట్లు తెచ్చి వాడి ముందు పరిచింది. “ఇదిగో చూడు. నీ పేరు దిగిన పక్కన ఐదుసార్లుంది. ఎక్కిన పక్కన ఒక్కసారైనా ఉందేమో నువ్వే వెతుకు.”

“సొంత తమ్ముణ్ణి టిక్కెట్టు కొనని వాడిలా చూస్తున్నావా?”

“బస్సు దిగమనలేదురా. టిక్కెట్టు తీసుకోమంటున్నా.”

“బావా, నువ్వైనా చెప్పు,” అన్నాడు తమ్ముడు మేస్త్రి వైపు తిరిగి.

మేస్త్రి రసమట్టం తుడుచుకుంటూ, “నా దగ్గరేముందిరా, ఆ చిన్న డబ్బా తప్ప,” అన్నాడు.

తమ్ముడు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. పూతక్క పెరట్లో కూర్చుని ఏడ్చింది. వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది తనే. ఏడ్చి, మొహం కడుక్కుని, పనికి వెళ్ళి ఆ రోజు రెండు గదుల సందులు నింపింది. పై నెలలో తమ్ముడు ఎవరి చేతో ఐదు వందలు పంపించాడు, ఒక్క మాట కూడా లేకుండా. ఆవిడ వాడి పేరు ఎక్కిన పక్కన పెద్ద అక్షరాలతో రాసింది.

నాలుగో నెల చివరికి పిల్లి లోపలికి రాలేక గుమ్మం బయట కూర్చుని తిట్టడం మొదలుపెట్టింది. తలుపు నేలకి రాసుకుంటోంది. బాకీ పంతొమ్మిది వేలకి వచ్చింది. అప్పుడే మేస్త్రి బుద్ధి మళ్ళీ గడ్డి తింది. ఒకరోజు పూతక్క బజారు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నీలం టైల్స్ పెట్టెలు నాలుగున్నాయి. ఆయన సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఇంక వేలెడు వాలే ఉందే. ఒక్క పూటలో మట్టం చేసేస్తా. కొట్టాయన డబ్బు తర్వాత తీసుకుంటానన్నాడు. నెలలో పాప వస్తోంది, నీ డబ్బాలతో అప్పటికి అవుతుందని ఏంటి నమ్మకం?”

పూతక్క చేతిలో సంచి పక్కన పెట్టి, ఆయన ఎక్కడ పగలగొట్టాలనుకున్నాడో సరిగ్గా అక్కడ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“లే,” అన్నాడు.

“ముందు నన్ను పగలగొట్టు.”

“నువ్వు మొండిదానివి.”

“ఇరవై ఏళ్ళు నువ్వు పరిచావు, నేను సందులు పూడ్చాను. ఈ ఒక్క నేల నేను పరుస్తా. నువ్వు నా వెనక పూడ్చుకుంటూ రా.”

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు. ఆయనకి కోపం ఎక్కువే గాని, పనిమంతుడి మాట పనిమంతుడికి అర్థమవుతుంది. సాయంత్రంలోపు నాలుగు పెట్టెలూ తోపుడు బండి మీద వేసుకుని తనే వెనక్కి ఇచ్చి వచ్చాడు.

కూతురు డ్యూటీ ఎక్కాల్సిన సోమవారం రానే వచ్చింది. అప్పటికి బాకీ పదకొండు వేలు. ఆ రోజే ఒక పెద్దింటి నేల పని తాలూకు ఆఖరి డబ్బు చేతికి వస్తుంది. అది తీసుకుని అటునుంచి అటే కొట్టాయనకి కట్టి రావాలని అనుకున్నారు. పూతక్క వెళ్దామంటే పాప వచ్చే వేళ. మేస్త్రి ఒక్కడే వెళ్ళాడు.

“పని అయిన రోజు,” అని మాత్రం అంది గుమ్మంలో నిలబడి.

“తెలుసు,” అన్నాడు ఆయన, వెనక్కి చూడకుండా.

పన్నెండున్నరకి కూతురు వచ్చింది. యూనిఫాం వేసుకుంది, భుజాన టిక్కెట్ల సంచి, చంకలో పాప. తలుపు సగం తెరిచి లోపలికి వచ్చి పాపని చాప మీద బోర్లా పడుకోబెట్టింది. చిన్ననాటి రబ్బరు బంతి, మిగిలిన ఆ ఒక్కటీ తీసి గది మధ్యలో పెట్టి చెయ్యి తీసేసింది. బంతి తాపీగా గుమ్మం వైపు దొర్లింది. కూతురు కాలు అడ్డం పెట్టి ఆపింది.

“ఇంకా వాలేనమ్మా.”

“మీ నాన్న డబ్బు కట్టడానికి వెళ్ళాడు. వచ్చేస్తాడు.”

“ఎప్పుడు వెళ్ళాడు?”

“తొమ్మిదింటికి.”

కూతురు గోడ గడియారం వైపు చూసింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, పని అయిన రోజు నాన్న ఎన్నింటికి ఎలా ఇంటికొస్తాడో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫోన్ చేస్తే అలమరలో మోగింది. మర్చిపోయి వెళ్ళాడు.

ఒంటిగంట అయింది. బంతి మళ్ళీ పెట్టారు, మళ్ళీ గుమ్మం వైపే పోబోతే కూతురు కాలు అడ్డం పెట్టింది. పాప రెండు చేతులూ ఆనించి, నడుము ఎత్తి, పాకడానికి తయారవుతోంది. చాప దిగగానే దాని మోకాలు గుమ్మం వైపు జారింది. కూతురు వంగి ఎత్తుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కిందికి రానివ్వలేదు.

“ఒకటిన్నరకి బయల్దేరకపోతే రెండింటి బస్సు అందదు. రాలేనని ఇప్పుడే చెప్పడం మర్యాద. నీ తప్పేం లేదమ్మా. నువ్వు చేసింది నాకు తెలుసు.”

పూతక్క ఐదు నెలలు రాసిన షీట్లన్నీ చేతిలో పట్టుకుని కూర్చుంది. ఎంత రాసినా, ఎన్ని డబ్బాలు పెట్టినా, ఆఖరికి అంతా ఒక మనిషి ఏ రోడ్డు మీద వెళ్తున్నాడన్న దాని మీదే ఆగింది. ఆ రోడ్డు షీట్లో కనిపించదు.

కూతురు పాపని తల్లి ఒళ్ళో పెట్టి డిపోకి ఫోన్ చేసింది. అవతల మోగుతోంది. కూతురు కాలు పక్కకి తీయడంతో బంతి మళ్ళీ బయల్దేరింది. మొదటి రంగు టైల్స్ దాటింది, రెండో రంగు దాటింది, గడప దగ్గరికి చేరింది.

అక్కడ ఆగింది.

ఇంటి కింద ఎక్కడో ముసలాడు లేచి ఒళ్ళు విరుచుకున్నట్టు చిన్న మూలుగు వినిపించింది. గుమ్మం వైపు నేల లేస్తూ వచ్చి, సగం తెరిచి ఉన్న తలుపుని కింద నుంచి గట్టిగా పట్టేసింది. అలమరలో డబ్బాలు గలగలమన్నాయి. బంతి ఒక్క క్షణం ఎటూ తేల్చుకోలేనట్టు ఊగి, వెనక్కి తిరిగి, మూడు రంగులూ దాటుకుంటూ గదిలోకి వచ్చి పూతక్క కాలికి తగిలింది.

“మీ నాన్న కట్టేశాడు,” అంది పూతక్క.

అవతల ఫోన్ ఎత్తారు. కూతురు రెండుసార్లు హలో అనిపించుకుంది. “ఏం లేదు సార్,” అంది చివరికి. “రెండింటి డ్యూటీకి వస్తున్నానని చెబుదామని.”

పాప ముద్దు పెట్టించుకుంది, చీదరించుకుంది. కూతురు పట్టేసిన తలుపు పక్కనుంచి సంచి ముందుకు తోసి, తాను ఏటవాలుగా దూరి, మెట్లు దిగి పరుగెత్తింది.

మేస్త్రి వచ్చేసరికి రెండు దాటింది. కుంటుతున్నాడు, చొక్కా అంతా చెమట. తలుపు తోశాడు, రాలేదు. పొట్ట లోపలికి పీల్చుకుని దూరాడు.

“ఇంతసేపేంటయ్యా?”

“నడిచొచ్చా. అటూ నడిచే, ఇటూ నడిచే.” కొట్టాయన ఇచ్చిన రసీదు భార్య చేతిలో పెట్టి, గోడకి ఆనుకుని మెల్లిగా కూలబడ్డాడు. “వాళ్ళందరూ హోటల్ దగ్గర నిలబడి మేస్త్రీ మేస్త్రీ అని ఒకటే పిలుపు. ఆటో ఎక్కితే ఇంకెక్కడైనా దిగిపోతానేమోనని భయమేసింది. అందుకే ఎక్కలేదు.”

పూతక్క రసీదు చదివినంతసేపూ తల ఎత్తలేదు. తర్వాత వెళ్ళి వేడినీళ్ళు తెచ్చి ఆయన మోకాళ్ళ మీద గుడ్డ వేసింది.

కాస్త తేరుకోగానే ఆయన చెయ్యి ఊరుకోలేదు, రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. బుడగ చూసి మొహం ముడుచుకున్నాడు. నేల తన చోటికి తాను వచ్చింది గాని, గుమ్మం వైపు ఆయన మూడుసార్లు పోసిన మందం ఎక్కడికి పోతుంది? ఇప్పుడు వాలు ఇంట్లోకి ఉంది.

“మట్టం లేదే. ఒక అంగుళం చెక్కెయ్యనా?”

“నేల ముట్టుకున్నావంటే ఊరుకోను,” అంది పూతక్క. చాప దిగిన పాప గుమ్మం వైపు రెండు అడుగులు పాకడం, జారి మళ్ళీ గదిలోకి రావడం, అదేదో ఆట అనుకుని నవ్వడం చూస్తోంది. “ఇది నడక నేర్చేదాకా ఇలాగే ఉండనీ. నువ్వు తలుపు కొయ్యి.”

మేస్త్రి రంపం తెచ్చుకుని తలుపు అడుగు కోయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, రాజు డబ్బాలో ఎంతుందని అడిగాడు. ఇద్దరికి టీకి ఉందని చెప్పింది. ఆ టీ తాగుతుండగా, వీధిలోంచి ఎర్ర బంతి ఒకటి మెట్ల మీద ఎగిరి గడప దాటి, లోపలికి దొర్లుకుంటూ వచ్చి పాప ముందు ఆగింది. ఎదురింటి పిల్లలది.

ఎదురింటావిడ తన గుమ్మంలో నిలబడి చూస్తోంది. బంతిని చూడటం లేదు, ఆ బంతి వచ్చిన తీరు చూస్తోంది.

పూతక్క బంతి తీసుకుని రోడ్డు దాటింది. వెళ్ళే ముందు అలమరలోంచి ఖాళీ షీట్లు కొన్ని తీసి, బంతితో పాటు పట్టుకెళ్ళింది.